తీర్పురాయి మీద ఉడుము

ఏటికి అవతల కొత్తగా వెలసిన అడవిలో ఒక ఉడుము ఉండేది. పట్టిన మాట వదిలే రకం కాదు. మొదట్లో అది నోరులేనివాళ్ల తరఫున వాదించేది. దుంపలు దొంగిలించిందంటూ కుందేలును అందరూ తరిమెయ్యబోతే అడ్డం నిలబడి, "కళ్లారా చూసిందెవరు?" అని అడిగి బయటపడేసింది. తర్వాత అడవి సభలో చేరి ఆ మాటనే చట్టం చేయించింది. చూసినవాళ్లు లేకుండా ఎవరినీ వెళ్లగొట్టకూడదు. చివరికి తీర్పురాయి మీద దాన్నే కూర్చోబెట్టారు.

ఒక ఎండాకాలం కుందేలు బొరియను ఎవరో తొక్కి కూల్చేశారు. అందరూ కలిసి అడవిపందిని లాక్కొచ్చారు. ఒకప్పుడు ఉడుము తోక చివర తెగింది ఆ పంది కాలికిందే.

"కళ్లారా చూసిందెవరు?" అంది ఉడుము.



"చూడాలా ఉడుమన్నా? ఇది కాక ఇంకెవరు చేస్తారు? నీ తోక మర్చిపోయావా?" అంది కుందేలు.

తోక మొండి సలిపింది. ఇంకెవరూ చేసి ఉండరని ఉడుముకూ అనిపించింది. గోళ్లతో రాయిని గట్టిగా పట్టుకుంది.

"మర్చిపోలేదు. నీ దుంపల తగువూ మర్చిపోలేదు. ఆ రోజు నీ గురించి వాళ్లూ ఇదే మాట అన్నారు. పందిని వదిలెయ్యండి."

కుందేలు తల దించుకుంది. పంది ఇకిలించింది.

"నవ్వకు," అంది ఉడుము. "చూసినవాళ్లు ఒక్కరు దొరికినా, నిన్ను ఏరు దాటించేదీ నేనే."

ఆ సాయంత్రం పంది బొరియల వైపు నడవబోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆగి చుట్టూ చూసింది. పొద పొదలోంచీ రెండేసి కళ్లు దాన్నే చూస్తున్నాయి.