రెండు సీసాలు

“సత్యనారాయణమ్మగారి సీసా ఇవ్వండి, తీసుకుంటాను. మీది మాత్రం వద్దు చిన్నతల్లిగారూ.”

చిన్నతల్లి మొహం చిన్నబోయింది. పాపం, రొయ్యల పచ్చడి సీసాలు రెండూ ఒళ్లో పెట్టుకుని, అల్లవరం నుంచి రెండు ఆటోలు మారి అమలాపురం వచ్చిందావిడ. ఒక సీసా తాను పెట్టింది, రెండోది తోడికోడలు సత్యనారాయణమ్మ పెట్టింది. కొత్తగా వైస్ ఛాన్సలర్ అయిన సలోమిగారికి కాలేజీలో సన్మానం. మెడలో దండ ఇంకా తియ్యనేలేదు. జనమంతా భోజనాలకి వెళ్లేరు. ప్రిన్సిపాల్ గదిలో వీళ్లిద్దరే మిగిలేరు.

“నా పచ్చడికేం రోగమండీ? పన్నెండేళ్ల నుంచీ తింటున్నారు కదా! ఆవిడదే బాగుంటుందని ఎవరైనా ఎక్కించేరా? ఆవిడ ఉప్పు సరిగ్గా వేసిన రోజు లేదండి, మీకు తెలీదు గానీ.”

ఇంకో రోజైతే సలోమిగారు పకపకా నవ్వేసేవారే. ఈ తోడికోడళ్లకి క్షణం పడదని ఊరంతా ఎరుగుదురు. ఒకే పెంకుటింట్లో రెండు పొయ్యిలు, పెరటి మధ్య ఓ దడి. కానీ ఇవాళ నవ్వు రాలేదు. ఇందాక స్టేజీ మీద ప్రిన్సిపాల్‌గారు ఆవిడ గొప్పలన్నీ చదివేరు. కీళ్లనొప్పుల మందు కనిపెట్టిన సైంటిస్టు, ఆ మందుల కంపెనీకే డైరెక్టరు, ఇప్పుడు యూనివర్సిటీకే పెద్ద. చప్పట్లు మోగినప్పుడల్లా ముందు వరసలో చిన్నతల్లి పది వేళ్లూ ఆడించి, “నన్ను బాగుచేసింది ఈవిడేనండి!” అని పక్కవాళ్లకి చూపించింది. సలోమిగారికి కూర్చున్న కుర్చీయే ముళ్లకంప అయిపోయింది.

“కూర్చోండి. మీకో మాట చెప్పాలి. చెప్తే మీ నొప్పులు తిరగబెడతాయేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను.”

“బాబోయ్! ఏవిటండీ అది?”

“మందు పరీక్ష మొదలెట్టిన రోజున మీ అందరికీ చెప్పేను, గుర్తుందా? కొందరికి అసలు మందు ఇస్తాం, కొందరికి ఉత్త పిండిబిళ్ళ. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఎవరికి ఏది వచ్చిందో అప్పుడు మాకూ తెలీదన్నాను.”

“ఆయ్. వేళ్లు వంగకపోయినా వేలిముద్ర కూడా వేయించేరు.”

“పరీక్ష అయ్యేక ఎవరికేది వెళ్లిందో చూసేం. సత్యనారాయణమ్మగారికి మందు వచ్చింది.” సలోమిగారు తల దించుకున్నారు. “మీకు పిండిబిళ్ళలు వచ్చేయి. ఆ ఆర్నెల్లూ మీ చేతుల నొప్పికి నేనిచ్చింది వట్టి పిండండి. మీ వేళ్లు మీ నమ్మకంతోనే వంగేయేమో గానీ, నా మందుతో కాదు. ఏటా మీరొచ్చి ఆ సీసా చేతిలో పెడుతుంటే, నాకు సిగ్గుతో ముద్ద దిగడం లేదు.”

చిన్నతల్లి తన చేతులకేసి చూసుకుంది. వేళ్లు ఓసారి మూసింది. తెరిచింది. మళ్లీ మూసింది.

అనవసరంగా చెప్పేనా దేవుడా అనుకున్నారు సలోమిగారు. దండ మెడలో ఉండగానే రెండు చేతులూ జోడించేసేరు.

“నన్ను క్షమించండి చిన్నతల్లిగారూ.”

“అయ్యయ్యో, అంత చదువుకున్నవారు మీరు నాకు దండం పెట్టడమేంటండీ, తప్పు!” చిన్నతల్లి గబుక్కున లేచి ఆ చేతులు పట్టుకుని కిందకి దించేసింది. పట్టు గట్టిగానే ఉంది. ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. ఉన్నట్టుండి చిన్నతల్లి కిసుక్కున నవ్వింది. తన సీసా తీసి సలోమిగారి చేతిలో పెట్టి, తలుపు కేసి ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఎవరితోనూ అనకండేం. ఉత్త బిళ్ళలు కూడా ఉంటాయని మీరన్నారు కదండీ, దాంతో మా ఇద్దరికీ భయం పట్టుకుంది. ఆర్నెల్లూ రోజూ పొద్దున్నే దడి దగ్గర కూర్చుని, చేపలు కోసే కత్తిపీట మీద ఆవిడ బిళ్ళా నా బిళ్ళా కోసుకుని, చెరి సగం మింగేవాళ్లమండి!”