వెనకాల అన్న మాట

"వెనక స్పీకర్లు రెండూ మూగవే," అని తేల్చేశాడు గ్రేమ్, చేతిలోని బీరు సీసాతో సోఫా వెనక గోడను చూపిస్తూ. "ముందువి మూడూ గొంతు చించుకుంటున్నాయి, వెనకవేమో సిగ్గుపడుతున్నాయి. ఈ భాగ్యానికేనా రస్, నాలుగు వారాలు కారును వానలో నిలబెట్టావు?"

రస్‌కు చిర్రెత్తుకొచ్చింది. గ్రేమ్ స్వయానా బావమరిది, పైగా అన్నమాటలో అబద్ధం లేదు. అందుకని వెళ్ళి వెనక స్పీకరుకు చెవి ఆనించి చూశాడు.

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళోని తన ఇంటి గ్యారేజీని రస్ సొంత చేతులతో సినిమా గదిగా మార్చాడు. గోడలకు దళసరి తివాచీలు కొట్టాడు. తెర కింద ఒక స్పీకరు, దానికి అటొకటి ఇటొకటి, సోఫా వెనక చెవుల ఎత్తున రెండు బిగించాడు. ఇంత హడావుడీ సినిమాల కోసం కాదు. మామగారు మెర్వ్ పోయి ఈ ఆదివారానికి ఏడాది. పన్నెండేళ్ళ కింద ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు రస్ తీసిన వీడియోను అత్తగారికి చూపించాలి. చూపించడమేమిటి, వినిపించాలి. ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు, ఆనాటి చుట్టాలంతా చుట్టూ కూర్చున్నట్టు ఉండాలి.

ఆ అత్తగారు, బెరిల్, సోఫా మధ్యలో ఒళ్ళో లామింగ్టన్ కేకుల పళ్ళెంతో కూర్చుని ఉంది. కన్నకొడుకు గ్రేమ్ పక్కనుండగానే ఆమె ఊరందరికీ చెప్పే మాట ఒకటుంది. "మా మెర్వ్‌ను మనసారా ప్రేమించినవాడు మా అల్లుడొక్కడే." ఆ మాటంటే రస్‌కు ప్రాణం. దాన్ని నిలబెట్టుకోవాలనే ఈ తాపత్రయమంతా.

"పోనీలే నాయనా," అంది బెరిల్. "ముందునుంచి వినపడుతోందిగా. నాకది చాలు."

"చాలదమ్మా." భార్య లొరేన్‌తో పాటు అతనూ ఆమెను అమ్మా అనే పిలుస్తాడు. "ఆ కెమెరాకు నాలుగు వైపులా మైకులున్నాయి. వెనకవైపు మైకులు పట్టినదంతా ఇన్నేళ్ళూ మన పాత టీవీలో గోలలో గోలై కలిసిపోయింది. ఇవాళ విని తీరాల్సిందే."

తీగలన్నీ లాగి చూశాడు. బాగానే ఉన్నాయి. స్పీకర్లను నడిపే యంత్రం మెనూ తెరిచాక దొరికింది తప్పు. గదిలో శబ్దాన్ని కొలిచే బుల్లి మైకును మనిషి తల ఉండే చోట పెట్టకుండా, సోఫా వీపు మీద, గోడకు ఆనించి పెట్టాడు. వెనక స్పీకర్లు చెవిలో దూరి అరుస్తున్నాయనుకుని యంత్రం వాటి గొంతు నొక్కేసింది. రస్ దాన్ని సరిచేశాడు. ఊరుకోక, గ్రేమ్ మీది కసికొద్దీ ఇంకో నాలుగు మెట్లు ఎక్కించాడు.

"ఇప్పుడు విను. చెవులు కడుక్కుని మరీ విను."

వెనకనుంచి మాగ్‌పై పిట్టలు కూశాయి. పళ్ళేలు గలగలమన్నాయి. ఎవరో దగ్గారు. బెరిల్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది.

"అబ్బో!" గ్రేమ్ సీసా కింద పెట్టేశాడు. "నిజంగా మన పెరట్లో కూర్చున్నట్టే ఉంది. ఓడిపోయాను మేట్, ఒప్పుకుంటున్నా."

రస్ ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. వెళ్ళి బెరిల్ పక్కన కూర్చున్నాడు. అటు పక్కనుంచి లొరేన్ అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

తెరమీద మెర్వ్ గ్లాసు పట్టుకుని లేచాడు. "నేను పడవ కథ మొదలెడితే మీరంతా ఏదో వంక పెట్టి పారిపోతారు. నాకు తెలీదనుకోకండి. చివరిదాకా కూర్చుని వినేది మా రస్ ఒక్కడే. వాడు నాకు అల్లుడు కాదు, కొడుకు."

చప్పట్లు మోగాయి. లొరేన్ కళ్ళు తుడుచుకుంది. ఆ చప్పట్ల మధ్యలోంచి, వెనక గోడమీదినుంచి, బెరిల్ చెవిలో చెబుతున్నంత దగ్గరగా, రస్ గొంతు గుసగుసలాడింది.

"వినక చస్తానా! మళ్ళీ మొదలెట్టాడు ముసలాడు. ఎవరన్నా ఆ నోట్లో ఓ సాసేజీ కుక్కండ్రా బాబూ."

గోడలకు చెవులుంటాయంటారు. రస్ ఏరికోరి తన గోడలకు నోళ్ళు కూడా పెట్టించుకున్నాడు. కెమెరా పట్టుకున్నవాడు బొమ్మలో పడడు కదా అని ఆనాడు అనేసిన మాట అది. అన్నట్టు అతనికి గుర్తే లేదు.

గదిలో ఎవరూ అతని వైపు చూడలేదు. లొరేన్ చెయ్యి మోకాలి మీదినుంచి మెల్లగా వెళ్ళిపోయింది. గ్రేమ్ ఓ ఎగతాళి మాటన్నా బాగుండేది, అతనూ తల దించుకున్నాడు. మెర్వ్ ఒక్కడే తెరమీదనుంచి సూటిగా రస్ కళ్ళలోకి చూస్తూ, నవ్వుతూ గ్లాసు ఎత్తాడు.

రస్‌కు తల కొట్టేసినట్టయింది. భూమి రెండుగా చీలితే అందులో దూరిపోవాలనిపించింది. ఇంత సిగ్గు అతను పుట్టి బుద్ధెరిగి ఎరగడు.

"అమ్మా... అది... ఏదో తమాషాకి..." ఆపేద్దామని రిమోట్ అందుకున్నాడు.

ఆ చేతిని బెరిల్ గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. చెవుల దాకా ఎర్రబడిపోయి, నేల చూపులు చూస్తోంది.

"ఆపకు రస్," అంది. "ఆరోజు నీ పక్కన కూర్చున్నది నేనే. నీ మాటకు నవ్వి, అంతకన్నా ఘోరమైన మాట నేనన్నాను. అదింకా రాలేదు."