రెండు ఫొటోల మధ్య

చెత్తబుట్టలోంచి బయటికి తీసిన కవరులో కోర్టు కాగితం చూడగానే లోర్నా గడువు తేదీ వెతికింది.

జవాబివ్వడానికి రేపే ఆఖరి రోజు.

"ప్రైవేటు పార్కింగ్ వాళ్ళ జరిమానా ఉత్తరాలు చింపి పారెయ్, వదినా! వాళ్ళేమైనా పోలీసులా?" అనేవాడు మరిది ట్రెవర్. ఇంగ్లండ్‌లోని ఆ బర్న్‌లీ ఊళ్ళో సగంమంది మాట అదే. ఐదు ఉత్తరాలు అలాగే పారేసింది. ఆరోదీ అలాగే బుట్టలో పడేసింది, కానీ అది కోర్టు నుంచి వచ్చింది.

గడువు దాటితే తీర్పు పడుతుంది. తీర్పు రికార్డుకెక్కితే బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు. ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళలో ఉండి, ఇప్పుడే ఒక చిన్న ఇల్లు చూసుకుంది.

లైబ్రరీకి పరుగెత్తి, కంప్యూటర్ ముందు కూర్చుని, జవాబు టైపు చేయసాగింది.

పక్క కుర్చీలోని ముసలాయన, వానకోటైనా విప్పకుండా, ఆమె కాగితంలోకి తొంగిచూశాడు.

"పరాయివాళ్ళ ఉత్తరాలు చదవడం అలవాటా?" అంది లోర్నా.

"ఇలాంటివైతే చదువుతానమ్మా. కథంతా ఇప్పుడే రాయకు. ముందు 'కాగితం అందింది, దావాను ఒప్పుకోను' అని పంపు. ఇంకో రెండు వారాలు దొరుకుతాయి."

పంపింది. ఊపిరి పీల్చుకుంది.

"మీ ఫీజెంత?"

"టీ కూడా వద్దు."

"లాయరా?"

"లాయరునైతే ఈ కోటు వేసుకుంటానా? సరే, ఆరోజు ఏం జరిగింది?"

"రెండేళ్ళ కిందటి మాట. పొద్దున తొమ్మిదికి మా అమ్మను పెద్దవాళ్ళ క్లబ్బు పార్కింగ్‌లో దింపి, ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయాను. మూడింటికి మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాను. గేటు దగ్గరి కెమెరా తీసిన రెండు ఫొటోలు చూపించి, ఆరు గంటలు కారు అక్కడే పెట్టానంటున్నారు!"

"మధ్యలో ఎక్కడున్నావు?"

"బడిలో. పిల్లలకు భోజనం వడ్డించేది నేనే. మూడొందల ప్లేట్లు!"

"ఆనాటి హాజరు కాగితం పట్టుకురా."

రెండు వారాలూ ఆయన వచ్చాడు. ఆమె రాసిన మూడు పేజీలను అర పేజీకి కోసేశాడు.

"'నా మనసు క్షోభించింది' ఏంటమ్మా? కొట్టెయ్. జడ్జికి తేదీ, టైము కావాలి. చివర్న ఇది రాయి. 'ఆరోజు మీ కెమెరా తీసిన నా కారు ఫొటోలన్నీ, మధ్యలోవి కూడా, కోర్టు ముందు పెట్టండి.'"

"మధ్యలోవి ఉంటాయా?"

"ఉంటాయి."

"మీకెలా తెలుసు?"

ఆయన కోటు గుండీలు పెట్టుకుంటూ లేచాడు. "వాన వచ్చేలా ఉంది."

ఆరు వారాలకు పార్కింగ్ కంపెనీ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. దావా వెనక్కి తీసుకున్నారట.

ఆ శుక్రవారమే బ్యాంకు కూడా సరేనంది.

"నేను చెప్పలేదూ, ఒట్టి బెదిరింపులని!" అన్నాడు ట్రెవర్.

"నువ్వు నోరు మూసుకుని సామాను మొయ్యడానికి రెడీగా ఉండు," అని నవ్వింది లోర్నా.

మర్నాడు మాంసం, బంగాళాదుంప కూరి పెద్ద 'పై' రొట్టె కాల్చి, వేడివేడిగా లైబ్రరీకి పట్టుకెళ్ళింది.

ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

"స్కాట్లండ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారండీ. అడ్రసివ్వలేదు," అంది లైబ్రేరియన్ ఫరీదా.

"పేరైనా చెప్పండి."

"మాకెవరికీ చెప్పలేదు. మీరూ అడగలేదా?"

అడగలేదు.

ఫరీదా సొరుగులోంచి జిరాక్సు కాగితాల కట్ట తీసి, ఒకటి అందించింది. "థాంక్స్ చెప్పడానికి ఎవరొచ్చినా ఇది ఇవ్వమన్నారు. మీరు పందొమ్మిదోవారు."

చేతిరాత నిటారుగా, పొందికగా ఉంది.

"మీ థాంక్స్‌కు నేను తగను. ఆ పార్కింగ్ కంపెనీలో తొమ్మిదేళ్ళు కెమెరా ఫొటోలు చూసే ఉద్యోగం నాది. మీ కారు మధ్యలో బయటికి వెళ్ళిన ఫొటో నా కళ్ళముందే ఉన్నా పక్కకు తోసేసి, మొదటిదీ చివరిదీ జతచేసి, మీకు నోటీసు పంపింది నేనే."