మూడు నెలల తేడా

“పొట్ట బిగబట్టకండి. వదిలేయండి,” అంది మెలెరి.

“వదిలేస్తే బల్ల మీంచి జారి కింద పడుతుందమ్మాయ్,” అన్నాడు పడుకున్న పెద్దాయన.

ఇంకో రోజైతే నవ్వేదే. ఆ రోజుకి అతను పద్నాలుగోవాడు. తోటి ఉద్యోగి నెరిస్ సెలవు పెట్టినప్పటి నుంచి, రెండు వారాలుగా బెథెస్డా ఆరోగ్యకేంద్రంలో స్కాన్లన్నీ మెలెరి ఒక్కతే చేస్తోంది. కుడి భుజం పీకుతోంది. పొద్దుటి నుంచి వాన విడవలేదు.

పొట్టలో ఉండే పెద్ద రక్తనాళం ఉబ్బిందా, ఉబ్బితే ఎంత అన్నది కొలవడం ఆమె పని. అరవై అయిదు నిండిన మగవాళ్ళందరినీ పిలుస్తారు. ఉబ్బు అయిదున్నర సెంటీమీటర్లకి చేరితే పగిలే ప్రమాదం పెరిగిపోతుంది. పగిలినవాళ్ళలో చాలామంది ఆపరేషన్ బల్ల దాకా కూడా చేరరు.

అతను లోపలికి రాగానే పేరు, పుట్టిన తేదీ, చిరునామా అడిగింది. “ఇద్వల్ ప్రిచర్డ్” అంటూ మొదలెట్టి, మూడూ ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు. ఆమె టిక్కు పెట్టుకుంది. ఫైల్లో స్కూలు బస్సు డ్రైవరనీ, అరవై ఎనిమిదేళ్ళనీ ఉంది. మూడు నెలల కిందట నెరిస్ కొలిచినప్పుడు అయిదు పాయింట్ మూడు.

“అయిదున్నర దాటితే బస్సు నడపనివ్వరు కదూ?” అడిగాడు.

“నడపనివ్వరు. ఆపరేషనై కోలుకున్నాక మళ్ళీ చూస్తారు.”

“దాటదులే.”

“అంత ధీమాగా ఎలా చెప్తున్నారు?”

“దాటకూడదమ్మాయ్. భార్య మెగన్ పోయాక ఆ ఇంట్లో ఏముంది గనక? పొద్దున్నే లేవడం, ముఖం కడుక్కోవడం, అన్నీ ఆ బస్సు కోసం, ఆ పిల్లల కోసం. అదీ లాక్కుంటే మంచం దిగేదెవరు?”

ఇలాంటి మాటలు మెలెరి రోజూ వింటుంది. జెల్ రాసి, పరికరాన్ని పొట్ట మీద ఆనించి తెర వైపు చూసింది. చెయ్యి ఆగిపోయింది.

కొలిచింది. చెరిపేసి మళ్ళీ కొలిచింది. మూడోసారి కూడా.

“నడుం నొప్పేమైనా ఉందా, ఇద్వల్ గారూ?”

“పది రోజుల్నుంచి లాగుతోంది. ఇళ్ళ కప్పుల మీదికి రాతి పలకలు మోస్తే లాగదా మరి?”

“ఈ వయసులో కప్పులెక్కడమేంటండీ! సిగరెట్లు పన్నెండేళ్ళ కిందటే మానేశారని ఫైల్లో ఉందే?”

అతను కాస్త తటపటాయించాడు. “కాలుస్తున్నాను. రోజుకి ఇరవై.”

బీపీ చూసింది. నూట ఎనభై, నూట రెండు.

“ఎంతుంది?” అన్నాడు ఉషారుగా. “అయిదు లోపేనా?”

“ఆరు పాయింట్ నాలుగు.”

అతను పగలబడి నవ్వాడు. “నీ మిషను పాడైపోయింది. లేదా నీకు నిద్ర చాలట్లేదు.”

“నిద్ర చాలట్లేదు, నిజమే. కానీ మూడుసార్లు కొలిచాను. మూడు నెలల్లో సెంటీమీటరు పైనే పెరిగింది. పైగా నొప్పి, సిగరెట్లు, బీపీ. ఇది ఇంకో రోజు దాకా ఆగే విషయం కాదు.”

అతని నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

మెలెరి నెరిస్ తీసిన పాత స్కాన్ బొమ్మ తీసి పక్కన పెట్టుకుంది. అందులో నాళం ఎడమకి ఒరిగి ఉంది. ఇప్పుడు తిన్నగా ఉంది. నెరిస్ అంత పొరపాటు చేస్తుందా? పదకొండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు. ఎవరికి ఏమని సంజాయిషీ చెప్పుకోవాలో తలుచుకుంటేనే ఆమెకి నీరసం ముంచుకొచ్చింది.

“ఇది అన్నదమ్ములిద్దరికీ వస్తుందా?” గొంతు తగ్గించి అడిగాడు.

“రావచ్చు. ఒకరికి ఉంటే రెండోవాళ్ళకీ ఉండే అవకాశం ఎక్కువ. మీకున్నారా?”

“ఒక్కడు.”

“అయితే ఆయన్నీ వెంటనే చూపించుకోమనండి.”

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“మీకిచ్చిన కాగితంలో రాసుందండీ.”

“కాగితాలు చదివేవాడైతే ఇంత దూరం వస్తుందా?” అన్నాడు కళ్ళు మూసుకుని.

ఆమె పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. సర్జన్ అడిగినవన్నీ ఫైలు చూసి ఒక్కొక్కటే చదివింది. ఇద్వల్ ప్రిచర్డ్. అరవై ఎనిమిది. రక్తం ఏబీ పాజిటివ్. పెన్సిలిన్ పడదు. గుండెకి స్టెంట్ వేశారు. చదువుతున్నంతసేపూ అతను కళ్ళు తెరిచి ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

“ఆంబులెన్స్ బయల్దేరింది. మీరు లేవకండి, దగ్గకండి. మీరు చేరేసరికి ఆపరేషన్ గది, రక్తం సిద్ధంగా ఉంటాయి.”

“రక్తం ఎవరిది?”

“మీకు సరిపోయేదే. ఫైల్లో ఉన్న గ్రూపు చెప్పాను కదా.”

అతని నుదురంతా చెమట పట్టింది. పొట్ట మీద జెల్ తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. చేయి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“ఆ ఫైలు మూసెయ్యి తల్లీ.”

“కంగారు పడకండి, ఇద్వల్ గారూ. సమయానికే వచ్చారు. మీకు తోడు ఎవరైనా వచ్చారా? నేను వెళ్ళి చెప్తాను.”

అతను పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

“ఇద్వల్ బయట కారులో ఉన్నాడమ్మా.”