సాయవ్వ మడి

"సార్, ఈమె నా బిడ్డ. నా మోకాళ్లు పోయినయ్. ఇగ నా బదులు ఈమె వస్తది," అంది సాయవ్వ.

మొగుడు పనిచేసే మిల్లు మూతపడ్డప్పటి నుంచి, కళ్యాణ్ ఊరి అవతలి గడ్డి పొలంలో ఒక మడిలో ఒకే రకం గడ్డి ఉండేలా తక్కిన మొక్కలన్నీ పీకుతోంది ఆమె. కూతురు నిన్ననే కామాటిపురలో గిన్నెలు తోమే పని మానేసింది.

ఆ పొలంలో పరిశోధన చేసే రామనాథం సంబరంగా ఉన్నాడు. "తేలిపోయింది సాయవ్వా. రకరకాల మొక్కలు కలిసి పెరిగిన పక్క మడే గాలిలోని బొగ్గుపులుసు వాయువుని ఎక్కువ పీల్చుకుంటోంది."

"మరి నా మడి?"

"అన్నిటికంటే తక్కువ. నువ్వంత శుభ్రంగా పీకావు కాబట్టే తెలిసింది. ఇక పీకే పని లేదు."

"అవ్వా, మరి నా పని ఎందుకు మాన్పిచ్చినవ్?" అంది కూతురు.

సాయవ్వ మడి అంచున కూలబడింది. గడ్డి మధ్య కొత్తగా మొలిచిన మొక్క మీదికి అలవాటుగా చెయ్యి పోయింది.

"వదిలెయ్, పెరగనీ," అన్నాడు రామనాథం.