మెలకువలో ఒక్కసారి

నవోమి పాట ఎత్తుకోబోతుండగా, మైపాడు చర్చి గుమ్మంలో ఒక ముసలాయన తూలి పడబోయాడు.

తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చొక్కా నలిగిపోయి ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. దగ్గరికి పోతే గుప్పున ఏదో ఘాటు వాసన.

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. మద్యనిషేధం ఉన్న రోజులు. పైగా అది సంఘపెద్ద యెహోషువ పెట్టించిన కృతజ్ఞత కూడిక. తాగినవాణ్ని చూస్తే చాలు, యెహోషువకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆరోజు ఆయనకి అసలే కాలు నిలవడం లేదు.

కూతురు నవోమికి ఆ మధ్య గొంతులో గడ్డ లేచి, ఊపిరాడక ప్రాణం మీదికొచ్చింది. మద్రాసులో ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఎత్తుకుపోతే జయరామయ్య డాక్టరు ఆపరేషన్ చేశాడు. పిల్ల బతికింది. పోయిందనుకున్న గొంతూ తిరిగొచ్చింది.

"మా బిడ్డను బతికించిన డాక్టరుగారు మా ఊరి కూడికకి రావాల. ఆయన తిన్నాకే మేం తినేది" అని, ఇంటికొచ్చే రోజు యెహోషువ చేతులు పట్టుకుని మరీ చెప్పాడు.

జయరామయ్య నవ్వి, కూడిక ఏ రోజో అడిగి తెలుసుకున్నాడు.

ఇప్పుడు చేపల పులుసు ఉడికింది. ఊరంతా వచ్చి కూర్చుంది. డాక్టరు కారు మాత్రం జాడ లేదు. వచ్చింది ఈ తూలే మనిషి!

యెహోషువ ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"యాడ నించి వచ్చినావు?"

"మద్రాసు నుంచండీ. రాత్రంతా పని. అట్నుంచి అటే రైలెక్కి..."

"ఏం పని?"

"మత్తు ఇస్తానండీ."

పక్కనున్న ముత్యాలయ్య నోరు తెరిచాడు. "విన్నావా యెహోషువన్నా! తాగేదే గాకుండా పోసేది గూడా ఈయనేనంట!"

ముసలాయనకి నవ్వొచ్చింది. "అది కాదు బాబూ, జయరామయ్యగారు..."

"డాక్టరుగారి పేరు ఎత్తబాక ఆ నోటితో!" యెహోషువ గుడ్లురిమాడు. "ఈడకెందుకొచ్చినావో అది చెప్పు."

ముసలాయన లోపలికి తొంగి చూశాడు.

"మీ అమ్మాయిని మెలకువగా ఉండగా ఒక్కసారి చూద్దామని. నేను నిద్రలోనే చూశాను గదా."

ఇంకేముంది, అగ్గిమీద గుగ్గిలం! పెళ్లీడు పిల్లని నిద్రలో చూశానని నలుగురిలో నిలబడి చెబితే ఏ తండ్రి ఊరుకుంటాడు?

యెహోషువ ఒక్క తోపు తోశాడు. ముసలాయన ఇసకలో బోర్లా పడ్డాడు.

యెహోషువ భార్య మగ్దలీనమ్మ పరుగెత్తుకొచ్చింది. "అంత పెద్దాయన్ని అట్టా తోస్తావేందయ్యా? ఇంత కూడు పెట్టి పంపిద్దాం."

"డాక్టరుగారు తినకముందా? మెతుకు గూడా కదిలించేదానికి లేదు!"

ముసలాయన లేచి ఇసక దులుపుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. గుమ్మంలో సంఘమంతా గుమిగూడి చూస్తోంది. ఆ గుంపునీ, యెహోషువనీ మార్చి మార్చి చూశాడు. పాపం, చెప్పబోయింది మింగేశాడు.

"తప్పు నాదేలెండి. వేళగాని వేళ వచ్చాను."

అయినా వెంటనే పోలేదు. లోపల నవోమి పాట మొదలుపెట్టింది. ఆయన సరుగుడు చెట్ల దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, చివరిదాకా విన్నాడు. ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా లాగిన చివరి చరణానికి ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత బస్సుకి నడిచాడు.

డాక్టరు రాలేదు. పొద్దు వాలాక, చల్లారిన పులుసే అందరూ తిన్నారు. పెద్దవాళ్లు పేదల ఇంటికి ఎందుకొస్తార్లే అని యెహోషువ మనసు చివుక్కుమంది.

మరుసటి నెలలో నవోమిని చూపించడానికి మద్రాసు తీసుకెళ్లాడు. జయరామయ్య గొంతు పరీక్ష చేసి, "భేషుగ్గా ఉంది" అన్నాడు.

యెహోషువ ఆపుకోలేకపోయాడు. "మీరొస్తారని పొద్దుగూకిందాకా కాచుకోనుండినాము అయ్యా."

"నేనా? మీరు రమ్మన్నది బతికించిన డాక్టరుని గదా. అందుకే మా హజరత్తయ్యగారిని పంపాను."

"ఆయనెవరయ్యా?"

"మా ప్రొఫెసరు. ఈ కాలేజీలో మత్తు విభాగం పెట్టిందే ఆయన. ఆ రోజు ఆపరేషన్ మధ్యలో అమ్మాయికి ఊపిరి ఆగిపోయింది. నేను ఆశ వదిలేసి కత్తి కింద పెట్టేశాను. ఆయన వదల్లేదు. తల దగ్గర కూర్చుని, రబ్బరు తిత్తి నొక్కుతూ తన చేత్తోనే ఊపిరి పోశారు. తనంతట తాను పీల్చుకునేదాకా లేవలేదు."

'మత్తు ఇస్తానండీ' అన్న మాట యెహోషువ చెవిలో మళ్లీ మోగింది.

"మరి... ఆ వాసన?"

"ఈథరు. మత్తుమందు. ఎన్నిసార్లు ఉతికినా ఆయన బట్టల్ని వదిలేది కాదు."

"ఒక్కసారి ఆయన్ని చూపించండయ్యా. కాళ్లు పట్టుకోవాల."

జయరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కిందటి వారమే కన్నుమూశారు. గుండెజబ్బు. నడిస్తే తూలేవారు. పని మానమంటే మానేవారా?"

యెహోషువ చేతులు జోడించాడు. చెప్పకపోతే ప్రాణం నిలిచేట్టు లేదు.

"అయ్యా, ఆ రోజు మా ఊళ్లో మేము ఆయన్ని..."

"తెలుసు. అంతా చెప్పారు."

యెహోషువ తల వంచుకున్నాడు. ఏ శిక్ష వేసినా సరే అనుకున్నాడు.

జయరామయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రోగులందరూ దండలు మాకే వేస్తారు, మత్తిచ్చిన మనిషి మొహం కూడా వాళ్లకి గుర్తుండదు. మీరొక్కరే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కొసరి కొసరి వడ్డించి, బస్సుదాకా వచ్చి సాగనంపారని పోయేదాకా కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నారు."