పెద్దదాని వంతు

అమ్మ ఫోన్లో యుద్ధం ఆట ఆడుతోంది. తన ఇద్దరు సైనికులకూ కూతుళ్ళ పేర్లే పెట్టుకుంది. తలుపు తెరవడానికి పెద్దదాన్ని పంపింది. లోపల కాచుకున్న శత్రువు కాల్చేశాడు.

"అయ్యో!" అంది, ఆట ఆపకుండానే.

"నన్ను బతికించవా అమ్మా?" గిన్నెలు కడిగిన చేతులు తుడుచుకుంటూ వెనక నుంచి పెద్దకూతురు అడిగింది.

అమ్మ ఉలిక్కిపడింది. "ఈ ఆటలో పోయినవాళ్ళు పోయినట్టేనే."

"నిన్న చెల్లి పోతే, సేవ్ చేసిన చోటి నుంచి మళ్ళీ ఆడావుగా?"

అమ్మ గబగబా పాత సేవ్ తెరిచింది. మళ్ళీ అదే తలుపు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఎవరో ఒకరు ముందు వెళ్ళాలి. అమ్మ వేలు కదల్లేదు.

"నన్నే పంపమ్మా," అంది పెద్దది. తర్వాతి మాట అచ్చం అమ్మ గొంతుతో అంది. "చెల్లి చిన్నది కదా."